పేజీ పైన రోగి మాట రాసుకో

గుంటూరు

అమ్మలూ,

మొన్న రాత్రి నీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. "మెడిసిన్ మూడుసార్లు చదివాను పెద్దమ్మా, పుస్తకం మూస్తే ఒక్క ముక్క రావట్లేదు" అన్నావు. ఏడుపు ఆపుకుంటున్నావని తెలుస్తూనే ఉంది. నీ తెలివికి లోటేమీ లేదు. మూడోసారి చదివేటప్పుడు పేజీ పరిచయంగా కనిపిస్తుంది కదా, వచ్చేసిందనుకుంటాం. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పడం వేరు. పరీక్షలో అడిగేది రెండోదే. ఆ రెండోదాన్ని నువ్వు ఇంతవరకూ ప్రాక్టీసు చెయ్యలేదు, అంతే.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పటి సంగతి ఒకటి నీకెప్పుడూ చెప్పలేదు. పురుగుమందు తాగిన ఒక కౌలు రైతును రాత్రి డ్యూటీలో చేర్చుకున్నాం. మిరప పంట పోయి, అప్పులు తీరక తాగాడు. దానికి విరుగుడు అట్రోపిన్ ఇస్తూ పక్కనే కూర్చున్నాను. నోట్లో చొంగ ఆగింది, ఊపిరితిత్తులు శుభ్రంగా వినిపించాయి, సూదిమొనల్లా ఉన్న కనుపాపలు విచ్చుకున్నాయి. మూడో రోజు పొద్దున "బాగున్నాడు" అని కేస్ షీట్‌లో రాశాను. రౌండ్స్‌కి వచ్చిన సీనియర్ మేడమ్ అది చదివి, ఆయన దగ్గరికెళ్ళి, "అయ్యా, దిండు మీంచి తల ఎత్తండి" అన్నారు. ఎత్తలేకపోయాడు. మధ్యాహ్నానికి వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది. ఆయన బతికి, నడిచి ఇంటికి వెళ్ళాడు. ఆ తల ఎత్తమన్న మాట ఆ పూట ఎవరూ అనకపోతే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

పురుగుమందు తాగినవాళ్ళు తేరుకున్నట్టు కనిపించాక వచ్చే ఈ కండరాల బలహీనతను ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అంటారు. అది నాకు తెలియదా అంటే తెలుసు. తాగిన 24 నుంచి 96 గంటల్లో వస్తుంది, మెడ కండరాలు ముందు బలహీనపడతాయి, ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలు. ఆ దెబ్బ నరం, కండరం కలిసే చోట తగులుతుంది కాబట్టి అట్రోపిన్ దానికి పనిచెయ్యదు. ఇదంతా పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ నా బుర్రలో అది ఒక హెడ్డింగ్ కింద దాచి ఉంది. ఆ హెడ్డింగ్ పేరు ఎవరైనా చెబితే తప్ప బయటికి రాదు. మంచం మీద మనిషి హెడ్డింగ్ చెప్పడు కదమ్మా.

అప్పటి నుంచి నేను నోట్సును తలకిందులు చేసి, జబ్బు వైపు నుంచి కాక రోగి వైపు నుంచి రాసుకోవడం మొదలుపెట్టాను. నువ్వూ ఈ వారమే మొదలుపెట్టు. పేజీ పైన జబ్బు పేరు వద్దు, రోగి నోటి మాట రాయి. అచ్చంగా మన వాళ్ళు ఓపీలో ఎలా అంటారో అలాగే.

"ఒళ్ళంతా నీరొచ్చిందమ్మా" అని ఒక పేజీ. దాని కింద: నీరు ముందు ఎక్కడొచ్చింది? పొద్దున లేచేసరికి మొహం, కళ్ళ కింద ఉబ్బితే కిడ్నీ వైపు ఆలోచించు. సాయంత్రానికి కాళ్ళు ఉబ్బి, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే గుండె. పొట్ట ముందు పెరిగి, కాళ్ళు తర్వాత ఉబ్బితే లివర్. ఇప్పుడు అంకెలు వాటంతటవే ఒక చోట కూర్చుంటాయి: నెఫ్రోటిక్‌లో, అంటే కిడ్నీ వడపోత ప్రోటీన్‌ను వదిలేసే జబ్బులో, మూత్రంలో పోయే ప్రోటీన్ రోజుకు 3.5 గ్రాములు దాటుతుంది, పొట్టలో నీటికి సాగ్ (రక్తంలోని అల్బుమిన్‌కీ ఆ నీటిలోని అల్బుమిన్‌కీ తేడా) 1.1 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పోర్టల్ హైపర్‌టెన్షన్, అంటే లివర్‌కి వెళ్ళే సిరలో ఒత్తిడి పెరగడం. విడిగా బట్టీ పడితే వారానికి జారిపోయే అంకెలు ఇవి.

"గ్యాస్ పట్టేసింది డాక్టరుగారూ" అని ఇంకో పేజీ. మన జిల్లాల్లో ఈ మాట అననివాళ్ళు ఉండరు. ఇందులో ఇన్ఫీరియర్ ఎమ్ఐ, అంటే గుండె కింది గోడకు వచ్చే హార్ట్ ఎటాక్, దాక్కుని ఉంటుంది. ఈసీజీలో రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్స్ చూడు. కుడి వైపు లీడ్స్ కూడా తీయమని అడుగు, ఎందుకంటే కుడి వెంట్రికిల్ (గుండెలో కుడి వైపు కింది గది) దెబ్బతింటే, ఛాతీనొప్పికి ఇచ్చే నైట్రేట్ ఇవ్వగానే బీపీ పడిపోతుంది. ఆ గది నిండటానికి తగినంత రక్తం వెనక్కి రావాలి, నైట్రేట్ దాన్ని తగ్గించేస్తుంది. ఇలా కారణం తెలిస్తే వైవాలో, ఆ నోటి పరీక్షలో, తడబడవు.

"రాత్రి నేల మీద పడుకున్నాడు, పొద్దున్నుంచీ కడుపు నొప్పి, కళ్ళు తెరవలేకపోతున్నాడు" అంటే కట్లపాము. కాటు గుర్తు కనిపించకపోవచ్చు, నొప్పీ ఉండకపోవచ్చు. రక్తపింజర అయితే చిగుళ్ళ నుంచి, మూత్రంలో రక్తం. పొడి గాజు ట్యూబులో రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూడాలి, గడ్డ కట్టలేదంటే విషం రక్తం మీద పనిచేస్తోందన్నమాట.

ఇలాంటి పేజీలు ఒక నలభై చాలు. ఆయాసం, దగ్గులో రక్తం, కామెర్లు, కాళ్ళలో తిమ్మిర్లు, ఫిట్స్, కళ్ళు తిరగడం. కళ్ళు తిరుగుతున్నాయన్నప్పుడు గిర్రున తిరిగినట్టా, చీకట్లు కమ్మినట్టా, తూలినట్టా అని తెలుగులోనే అడగడం నేర్చుకో. సగం డయాగ్నసిస్ అక్కడే ఉంది.

చదివే పద్ధతి చాలా మామూలుది. పైన మాట చూడు, కింద చెయ్యి అడ్డం పెట్టు, పైకి చెప్పు. మనసులో కాదు, నోటితో. ఆగిపోయిన చోట చెయ్యి తీసి చూసి, ఆ లైను పక్కన చుక్క పెట్టు. మూడు రోజుల తర్వాత చుక్కలున్నవే చెప్పు, మళ్ళీ వారానికి, మళ్ళీ మూడు వారాలకు. మొదటి వారం చాలా కష్టంగా ఉంటుంది. చదివినంత హాయిగా ఉండదు, ఏమీ రావట్లేదని టెన్షన్ వస్తుంది. దయచేసి ఆ వారం మానెయ్యకు.

నిజంగా బట్టీ పట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, కాదనను. ఊపిరితిత్తి చుట్టూ చేరే నీటికి (ప్లూరల్ ఫ్లూయిడ్) లైట్ అనే డాక్టరు చెప్పిన కొలతలు 0.5, 0.6, మూడింట రెండు వంతులు. అనాఫిలాక్సిస్‌లో, అంటే ప్రాణం మీదికొచ్చే ఎలర్జీలో, అడ్రినలిన్ అర మిల్లీగ్రాము, తొడ కండరానికి. వీటిని ఒకే కాగితం మీద రాసి అద్దం పక్కన అంటించు. ఆ ఒక్క కాగితం దాటనివ్వకు.

వార్డు మాత్రం మానకు. రూమ్‌లో నాలుగు గంటలు చదివే బదులు సాయంత్రం ఒక్క గంట వెళ్ళి ఒకే ఒక్క మైట్రల్ స్టినోసిస్ (గుండెలో మైట్రల్ కవాటం ఇరుకైన జబ్బు) చప్పుడు వినిరా. పేషెంటును ఎడమ పక్కకు తిప్పి, ఊపిరి వదిలించి, స్టెత్ బెల్ వైపు మెత్తగా ఆనించి విను. ఒకసారి విన్న చెవి మర్చిపోదు. వినే ముందు పేషెంటు అనుమతి అడుగు, వచ్చేసేటప్పుడు కృతజ్ఞత చెప్పు. నొప్పితో ఉండి కూడా నీకు పాఠం చెబుతున్నారు.

రాత్రి రెండింటి దాకా కూర్చోవడం ఆపెయ్. పదకొండుకు పడుకుంటావని మీ అమ్మకు మాటిచ్చాను.

ఆదివారం పొద్దున్నే విజయవాడలో బస్సెక్కు, గంటన్నరలో ఇంట్లో ఉంటావు. నోట్సు తెచ్చుకో, పుస్తకం తేవద్దు. నేను మంచం మీద పడుకుని "ఆయాసంగా ఉందమ్మా" అంటాను, నాకేమొచ్చిందో నువ్వు కనుక్కోవాలి.

మీ పెద్దమ్మ