తెల్లకణం తోక ఊడి రాకపోతే రంగునే అనుమానించండి

ప్రశ్న: ఫైబ్రోనెక్టిన్ (కణాలు అంటుకునే ప్రోటీన్) పూసిన కవర్‌స్లిప్ మీద మనిషి న్యూట్రోఫిళ్లు (ఒక రకం తెల్లకణాలు) వేసి, కాల్షియాన్ని చూపే రంగు ఫ్యూరా-2తో కణం లోపలి కాల్షియం చూస్తున్నాను. 5 మైక్రోమోలార్ రంగు, 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఎక్కించాను. కణాలను కదిలించే పెప్టైడ్ ఎఫ్ఎంఎల్‌పీ వెయ్యగానే కణాలు సాగుతున్నాయిగానీ తోక (కణం వెనక భాగం) ఊడి రావడం లేదు. రంగు వెయ్యనివి చక్కగా నడుస్తున్నాయి. బఫర్‌లో కాల్షియం 1.2 మిల్లీమోలార్ ఉంది. తప్పెక్కడ?
— పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: రంగు లేని కణాలు నడుస్తున్నాయన్నారు కదా, సగం జవాబు అందులోనే ఉంది. ఫ్యూరా-2 బాప్టా అనే కాల్షియాన్ని పట్టుకునే రసాయనాల కుటుంబానిది. కాల్షియాన్ని చూపిస్తూనే పట్టేసుకుంటుంది. ఏఎం రూపంలో (పొర దాటేందుకు ఎస్టర్ తగిలించిన రూపం) లోపలికి వెళ్లాక ఎస్టరేజ్ ఎంజైములు ఆ ఎస్టర్‌ను కత్తిరిస్తాయి, ఇక తేలిగ్గా బయటికి రాలేదు. అలా పోగుపడి, బయట 5 ఉన్నది లోపల వంద మైక్రోమోలార్ దాటిపోగలదు.

కదలిక లేని న్యూట్రోఫిల్ లోపల స్వేచ్ఛా కాల్షియం 100 నానోమోలార్ దగ్గర ఉంటుంది. ఎఫ్ఎంఎల్‌పీ తగిలితే ఐపీ3 అనే సంకేత అణువు పుట్టి, కణం లోపలి కాల్షియం గోదాము అయిన ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లోని నిల్వ బయటపడుతుంది. నిల్వ తరిగిందని స్టిమ్1 అనే ప్రోటీన్ పసిగట్టి పైపొరలో కాల్షియం దారి ఓరాయ్1ను తెరిపిస్తుంది. ఈ పొంగు తగ్గిపోతే కాల్సిన్యూరిన్ అనే ఎంజైము మేలుకోదు, వెనక అంటుకున్న ఇంటెగ్రిన్లు (కణాన్ని నేలకు పట్టించే ప్రోటీన్లు) వదలవు. 1991లో మార్క్స్, హెండీ, మాక్స్‌ఫీల్డ్ ఇలాంటి మరో రంగు క్విన్-2తో కాల్షియాన్ని కట్టేసినప్పుడూ ఫైబ్రోనెక్టిన్ మీద కణాలు ఇలాగే ఇరుక్కుపోయాయి.

రంగు 1 మైక్రోమోలార్‌కు దించండి. రంగును కరగనిచ్చే ప్లూరానిక్ ఎఫ్-127 0.02 శాతం కలిపి, గది ఉష్ణోగ్రతలో 20-30 నిమిషాలు చాలు. 37 డిగ్రీల దగ్గర ఎక్కిస్తే రంగు కణికల్లోకి కూడా దూరుతుంది, అక్కడి వెలుగు లెక్క చెడగొడుతుంది. కడిగాక మరో 20 నిమిషాలు ఆగి, అప్పుడు 37కి వేడిచేసి చూడండి. వెలుగు సరిపోలేదని రంగు పెంచకండి, కెమెరాలో బిన్నింగ్ (పక్కపక్క పిక్సెళ్లను కలపడం) పెంచండి. 340, 380 నానోమీటర్ల కాంతిని ఎడతెరిపి లేకుండా వేస్తే కణాలే చచ్చిపోతాయి. 5 సెకన్లకోసారి ఫొటో తీయండి. రంగు కారిపోతుంటే దాన్ని ఆపే మందు ప్రొబెనెసిడ్ 1 మిల్లీమోలార్ వాడొచ్చు. దాన్ని క్షారంలో కరిగిస్తారు కాబట్టి బఫర్ పీహెచ్ మళ్లీ 7.4కి సరిచెయ్యాలి. చాలామంది మరిచేది ఇదే.

చివర్లో కాల్షియాన్ని లోపలికి వదిలే అయనోమైసిన్ వేస్తే 340, 380 వెలుగుల నిష్పత్తి గరిష్ఠానికి ఎక్కాలి, తర్వాత కాల్షియాన్ని పట్టేసే ఈజీటీఏ వేస్తే కిందికి దిగాలి. దిగకపోతే ముందు పీహెచ్ చూడండి: ఈజీటీఏ కాల్షియాన్ని పట్టుకుంటూ ప్రోటాన్లు వదులుతుంది, ఆమ్లం పెరిగితే దాని పట్టు సడలుతుంది. ట్రిస్ బేస్‌తో 8 పైకి తీసుకెళ్లండి. రంగు ఉన్నవీ లేనివీ ఒకే డిష్‌లో కలిపి వేసి వేగం పోల్చండి. రెండూ సమానంగా నడిచేదాకా కాల్షియం అంకెలు నమ్మకండి.

ప్రశ్న: కాల్షియం బిళ్లలు వేసుకుంటే తెల్లకణాలు చురుగ్గా కదులుతాయా?
— పాఠకుడు, గుంటూరు

జవాబు: కదలవండీ. రక్తంలో స్వేచ్ఛా కాల్షియాన్ని మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి సుమారు 1.1-1.3 మిల్లీమోలార్ మధ్యే ఉంచుతుంది. కణం లోపల ఉన్నదానికి అది ఇప్పటికే దాదాపు పదివేల రెట్లు. తలుపు ఎప్పుడు తెరవాలో తేల్చేది కణమే. ఎముకల కోసం డాక్టరు రాస్తే మాత్రం మానకండి.