లవణ ద్రావణం పీహెచ్‌ను ఇండికేటర్ రంగులతో ఎలా అంచనా వేయాలి?

పీహెచ్ అంటే ద్రావణం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే సంఖ్య (7 అయితే తటస్థం, తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం); ఇండికేటర్ అంటే దాన్ని బట్టి రంగు మారే పదార్థం. ఒక్క ఇండికేటర్‌తో పని జరగదు, ఎందుకంటే మామూలుగా అది పీహెచ్ ఫలానా హద్దుకి పైన ఉందా కింద ఉందా అని మాత్రమే చెబుతుంది. రెండు మూడు వాడి, అన్నీ ఒప్పుకునే పరిధి ఏదో చూడాలి.

0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) అమ్మోనియం క్లోరైడ్ ద్రావణాన్నే తీసుకోండి. విడివిడి పరీక్షనాళికల్లో కొంచెం కొంచెం పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో ఇండికేటర్ రెండు చుక్కలు వేస్తే, మిథైల్ ఆరెంజ్ పసుపు రంగు చూపిస్తుంది, అంటే పీహెచ్ 4.4 కంటే ఎక్కువ. బ్రోమోథైమాల్ బ్లూ కూడా పసుపే, కానీ దాని అర్థం వేరు: 6 కంటే తక్కువ. మిథైల్ రెడ్ (4.4 దగ్గర ఎరుపు, 6.2 దగ్గర పసుపు) నారింజగా కనిపిస్తుంది కాబట్టి మధ్యలో, సుమారు 5 అనుకోవచ్చు. లెక్క కడితే 5.1 వస్తుంది, బాగానే కుదిరింది.

అమ్మోనియం అయాన్ నీటికి ప్రోటాన్ ఇస్తుంది, అందుకే ఆమ్ల గుణం. సోడియం ఎసిటేట్‌లో ఇది తిరగబడుతుంది, ఎసిటేట్ నీటి నుంచి ప్రోటాన్ లాక్కుంటుంది, పీహెచ్ 8.9 దాకా వెళ్తుంది, ఫినాఫ్తలీన్ లేత గులాబీ రంగుకి వస్తుంది.

ఉప్పు నీళ్లు 7 చూపించకపోతే టెన్షన్ పడకండి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి పీహెచ్ 6 కిందకి కూడా దిగొచ్చు. నీటిని మరిగించి, మూతపెట్టి చల్లార్చి వాడండి.