పిల్లి డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంటే వేచి చూడవచ్చా?

మీ పిల్లి రెండు రోజులుగా డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోందనీ, దగ్గు లేదు కనుక మరికొన్ని రోజులు చూడవచ్చా అనీ అడిగారు. వేచి చూడకండి, ఈ రోజే పశువైద్యునికి చూపించండి. దగ్గు లేదన్న ధైర్యంతోనే నేను నాలుగు రోజులు జారవిడిచాను.

మా పిల్లి తిండి మానేసి, మోచేతులు ఎడంగా పెట్టి, మెడ చాచి మూలన కూర్చునేది. నిద్రలో లెక్కపెడితే నిమిషానికి 56 శ్వాసలు వచ్చాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకైనా పిల్లికైనా నిద్రలో సాధారణంగా 30 దాటవు. ఊపిరితిత్తులకూ ఛాతీ గోడకూ నడుమ నీరు చేరితే ఊపిరితిత్తులు విప్పారడానికి చోటు చాలదు. అందుకే శ్వాస పైపైన, వేగంగా సాగుతుంది. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీసే స్థితికి వచ్చిందంటే గంటలు కూడా విలువైనవే.

ఆసుపత్రిలో వెంటనే ఎక్స్‌రే తీయనందుకు నాకు కోపం వచ్చింది. అంత ఆయాసంలో పక్కకు పడుకోబెట్టి అదిమి పట్టుకుంటే ప్రాణానికే ముప్పని తరువాత తెలిసింది. డాక్టరు ముందు ఆక్సిజన్ పెట్టి, కూర్చున్న భంగిమలోనే అల్ట్రాసౌండ్ చూసి, పక్కటెముకల మధ్య నుంచి సూదితో ద్రవాన్ని తీశారు. దానితోనే ఆయాసం సగం తగ్గింది, రోగమేదో ఆచూకీ కూడా దొరికింది. మాకు వచ్చింది దుర్వాసన కొట్టే చీము. పాలలా తెల్లగా ఉంటే శోషరసం (కొవ్వు కలిసిన లింఫ్ ద్రవం) కావచ్చు. చిన్న వయసు పిల్లిలో పసుపు పచ్చగా, జిగటగా ఉంటే, పిల్లులకు ఒక రకం కరోనా వైరస్ వల్ల వచ్చే తీవ్రమైన జబ్బు ఎఫ్‌ఐపీని అనుమానిస్తారు. రక్తమైతే దెబ్బ, ఎలుకల మందు, కణితి వంటివన్నీ ఆలోచించాలి. పిల్లుల్లో గుండె జబ్బు వల్ల కూడా ఇలా నీరు చేరుతుంది. రంగు చూసి ఊహించడం వేరు, ల్యాబ్‌లో కణాలు పరీక్షించి నిర్ధారించడం వేరు.

చీముకు ఛాతీలో గొట్టం అమర్చి, గోరువెచ్చని సెలైన్‌తో రోజూ కడిగి, ఏ సూక్ష్మజీవి ఉందో తేల్చే కల్చర్ పరీక్ష ఫలితాన్ని బట్టి యాంటీబయాటిక్ ఆరు వారాలు ఇచ్చారు. రెండో వారానికే అది గంతులు వేయడంతో మందు మానేద్దామనిపించింది, కానీ మానలేదు. కుక్కల్లో గడ్డి ముల్లు లోపలికి చేరి చీము పట్టించినప్పుడు శస్త్రచికిత్స కూడా అవసరపడవచ్చు.

తీసుకువెళ్ళేటప్పుడు బలవంతంగా ఎత్తి హత్తుకోకండి, నోట్లో పాలూ మందులూ పోయకండి. గాలాడే పెట్టెలో దానికి నచ్చిన భంగిమలో కూర్చోనిచ్చి, బయలుదేరే ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి ఆక్సిజన్ సిద్ధంగా ఉంచమనండి.