యిర్మీయా వచనం, హనన్యా ప్రసంగం

ప్రభువునందు ప్రియమైన తమ్ముళ్ళకు వందనాలు.

కూటాలకు వచ్చిన అతిథి ప్రసంగీకుడు రెండు రోజులు గట్టిగా మాట్లాడి వెళ్ళిపోతాడు. వచ్చే ఆదివారం అదే పుల్పిట్ దగ్గర నిలబడాల్సింది మీరు. అందుకే అతిథిగా వచ్చి మీ కూటాల్లో నేను చేసిన సవాలును ఎలా నెరవేర్చాలో కూడా రాస్తున్నాను. సవాలు ఇదే: మూడు నెలలపాటు విడి వచనం తీసుకుని ప్రసంగించకండి. పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రికను మొదటి మాట నుంచి చివరి మాట దాకా బోధించండి.

ఎందుకంటారా? దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావని చెప్పే యిర్మీయా 29:11 మీ సంఘంలో ఎంతమందికి కంఠతా వచ్చో చూడండి. దాని పైనున్న 10వ వచనం ఎంతమందికి వచ్చు? అందులో డెబ్బై సంవత్సరాలని ఉంది. అది బబులోను చెరలో ఉన్నవారికి యిర్మీయా రాసిన ఉత్తరం. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, తిరుగు ప్రయాణం ఇప్పట్లో లేదు అని దాని సారాంశం. ముందు అధ్యాయంలోని అబద్ధ ప్రవక్త హనన్యా మాత్రం రెండేళ్ళలో అంతా తిరిగి వస్తుందని ప్రకటించాడు. ఈ నెలలోనే మీ సమస్య తీరిపోతుందని 29:11 చూపించి చెప్పే సేవకుడు యిర్మీయా వచనంతో హనన్యా ప్రసంగం చేస్తున్నాడు. ఆ మాట నమ్మిన విశ్వాసి ఆరు నెలల తరువాత దేవుణ్ణే అనుమానిస్తాడు. ఈ నష్టం చిన్నదని నేను అనుకోను.

ఇక పని సంగతి. ఫిలిప్పీ పత్రికలో 4 అధ్యాయాలు, 104 వచనాలు. వారానికి తొమ్మిది పది వచనాల చొప్పున పన్నెండు ఆదివారాలు సరిపోతాయి. వచనాల లెక్క చూసి కోయకండి, ఆలోచన ఎక్కడ ముగిస్తే అక్కడ ఆపండి. సోమవారం పత్రిక మొత్తం పైకి చదవండి, ఇరవై నిమిషాలకు మించి పట్టదు. మంగళవారం ఆ వారం భాగాన్ని చేత్తో రాసుకుని, ‘కాబట్టి’, ‘అయితే’, ‘ఏలయనగా’ అన్న మాటల కింద గీత గీయండి. వాదన ఆ మాటల మీదే తిరుగుతుంది. బుధవారం, ఇక్కడ పౌలు వాళ్ళకు ఏం చెబుతున్నాడో ఒకే వాక్యంలో రాయండి. ఆ వాక్యం కుదిరేదాకా వ్యాఖ్యానం తెరవవద్దు, వీడియోలు అసలే చూడవద్దు. ముందే ఇంకొకరి ప్రసంగం వింటే వారమంతా చెవిలో ఆయన గొంతే ఉంటుంది, వాక్యం వినపడదు. శుక్రవారానికి ప్రసంగం రాసి పెట్టుకోండి. శనివారం గడియారం ముందు పెట్టుకుని పైకి చెప్పి చూడండి. ముప్పై అయిదు నిమిషాలు దాటితే ముందు ఉపోద్ఘాతం కోసేయండి, సాధారణంగా పొడవు పెరిగేది అక్కడే.

రిఫరెన్సులు రెండు మూడు చాలు. పది చోట్లకు పరుగెత్తిస్తే జనం పేజీలు తిప్పుతారే గాని వినరు. ఇంకో మాట సూటిగా చెబుతాను. ప్రసంగంలో ఎక్కడ అరుస్తున్నారో రికార్డు చేసుకుని వినండి. చాలాసార్లు సిద్ధపాటు అయిపోయిన చోటే కేక మొదలవుతుంది.

వరుసగా బోధిస్తే, మీరు తప్పించుకు తిరిగే విషయాలు కూడా ఎదురొస్తాయి. 2:27లో, ఫిలిప్పీ సంఘం పౌలు దగ్గరికి పంపిన ఎపఫ్రొదితు చావుకు దగ్గరయ్యేంత జబ్బుపడ్డాడని ఉంది. ఆ వారం జబ్బుల గురించి నిజం చెప్పండి. పౌలు తన తోటివాడైన త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి వచ్చాడు. తిమోతి కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. లూకాను ప్రియమైన వైద్యుడన్నాడు. రోగి కోసం కన్నీళ్ళతో ప్రార్థించండి, కాని మందులు మానేయమని ఎవరికీ, ఎన్నడూ చెప్పకండి. మీ మాట విని షుగర్ మందో మూర్ఛ మందో ఆపేసినవాళ్ళకు ప్రాణం మీదికొస్తుంది.

4:2లో ఆ సంఘంలోని ఇద్దరు స్త్రీలు, యువొదియ, సుంటుకే, ఏకమనస్సుతో ఉండాలని పౌలు బతిమాలుతున్నాడు. ఆ వారం మీ సంఘంలో మాటల్లేని ఇద్దరి వైపు చూస్తూ బోధించకండి. ముందే వాళ్ళ ఇళ్ళకు విడివిడిగా వెళ్ళండి, వెంట ఒక సంఘ పెద్దను తీసుకెళ్ళండి. అక్కడ విన్నది పుల్పిట్ ఎక్కకూడదు. ఒక్కసారి ఎక్కిందంటే ఆ తరువాత ఎవరూ మీ దగ్గర మనసు విప్పరు.

నన్ను బలపరచువానియందే సమస్తమును చేయగలనన్న 4:13కి వచ్చినప్పుడు 11, 12 వచనాలు ముందు చదవండి. ఆకలిలోనూ సమృద్ధిలోనూ ఉండడం నేర్చుకున్న ఖైదీ పౌలు మాట అది. పరీక్షలో, వ్యాపారంలో గెలుపు గురించి చెప్పింది కాదు.

చివర్లో కానుకల సంగతి వస్తుంది. మీ సంఘం కానుకలను కూడా బంధుత్వం లేని ఇద్దరు ఆ రోజే కలిసి లెక్కపెట్టి, పుస్తకంలో రాసి సంతకాలు చేయాలి. మీరు ఆ సంచి ముట్టుకోవద్దు. సంఘాల కానుక మోయడానికి పౌలు కూడా ఒంటరిగా ఎవరినీ పంపలేదు.

మొదటి ఆదివారానికి 1:1-11 తీసుకోండి. సోమవారం ఉదయమే నోటుపుస్తకం కొనుక్కుని, మంగళవారం అందులో చేత్తో రాయడం మొదలుపెట్టండి.

మీ అన్న