పక్కింటి బాయిలర్ పొగ: మా చెల్లెలి కూతురికి రాసిన ఉత్తరం

అమ్మడూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో ఏడుస్తా మాట్లాడాక నాకు కంటిమీద కునుకు లేదు. బుడ్డోడికి మళ్లీ పిల్లి కూతలు మొదలయ్యాయని, పక్కింటివాళ్లు తెల్లారకముందే నీళ్లు కాచుకునే కట్టెల బాయిలర్ రాజేస్తారని, పొగంతా మీ పడగ్గది కిటికీలోకే వస్తుందని, ఇల్లు మారిపోదామంటే అడ్వాన్స్ ఇరుక్కుందని అన్నావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాసి పంపుతున్నా. తీరిగ్గా చదువు, మీ ఆయనకీ చూపించు.

ముందు పిల్లోడి సంగతి. పక్కింటివాళ్లు ఎప్పుడు మారతారో తెలియదు కాబట్టి ఈ రాత్రి నుంచే వాణ్ని రోడ్డు వైపు గదిలో పడుకోబెట్టు, చిన్న గదైనా ఫర్వాలేదు. వాళ్లు ఐదుంబావుకి రాజేస్తారన్నావుగా, ఐదింటికే లేచి ఆ వైపు కిటికీలన్నీ వేసెయ్, తలుపు కింద సందులో పాత చీర మడిచి పెట్టు, ఏడున్నరకి పొగ పోయాక అన్నీ బార్లా తీసి గాలి ఆడనివ్వు. ఆ రెండు గంటలూ వంటింట్లో, బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయొద్దు. అది లోపలి గాలిని బయటికి తోస్తే, ఆ ఖాళీ నిండడానికి బయటి గాలి ప్రతి సందులోంచీ లోపలికి వస్తుంది, ఆ టైమ్‌లో బయట ఉన్నది పొగే. కూలర్ కూడా అంతే, బయటి గాలినే లాక్కొస్తుంది. కిటికీకి తడి టవల్ కడితే ఆగుతుందని మీ అత్తగారు చెప్పారట, ఆగదమ్మా. పెద్ద నలకలు ఏమన్నా అంటుకుంటాయేమో గానీ, ఊపిరితిత్తుల్లోకి దిగేవి మన వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు, గుడ్డ నేతలోంచి హాయిగా దూరిపోతాయి. వీలుంటే సన్నటి నలకల్ని కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ ఒకటి పిల్లోడు పడుకునే గదికి కొనండి, తలుపు మూసిన గదిలో అది బాగా పనిచేస్తుంది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. నీళ్లు పోశాక వాడికి సాంబ్రాణి వేస్తున్నారు కదా, అది మానెయ్యాలి. మా అమ్మ నాకూ వేసింది, నేను నా పిల్లలకీ వేశాను, మంచిదనే అనుకున్నాం, కానీ ఆయాసం ఉన్న పిల్లోడికి ఏ పొగైనా పొగే. అగరొత్తులు, దోమల కాయిల్ కూడా ఆ గదిలోంచి తీసెయ్, దోమతెర కట్టు. డాక్టరు రాసిచ్చిన మందు ఒంట్లో బాగుందని మధ్యలో ఆపొద్దు. ఊపిరి తీసేటప్పుడు డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా కనిపించినా తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు.

ఇప్పుడు పొగ దగ్గరికి వస్తా. మా నాన్నకి, అంటే మీ తాతకి, కొండపి దగ్గర పొగాకు బ్యారన్, అదే ఆకుని వేడికి ఆరబెట్టే గది, ఉండేదని నీకు తెలుసు. ఆకు బ్యారన్‌కి ఎక్కించాక వారం దాకా రాత్రీ పగలూ మంట ఆరకూడదు. బయట పొయ్యిలో కట్టెలు మండితే లోపల రేకు గొట్టాల్లోంచి వేడి మాత్రమే ఆకుకి తగలాలి, పొగ వేరే దారిన పైకి పోవాలి, గొట్టానికి ఎక్కడన్నా చిల్లు పడిందంటే ఆకు పొగ చూరి గ్రేడు పోయేది, వేలంలో ధర సగానికి పడేది. అందుకని మా ఇంట్లో పొగని చూసే కళ్లే వేరు. నాన్న రెండు కట్టెలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టేవాడు. టంగుమని మోగితే ఎండిన కట్టె, దబ్బుమంటే పచ్చిది. కొసలో చక్రం ఆకుల్లా నెర్రెలు కనపడాలి, బెరడు గోరు పెడితే ఊడి రావాలి. పచ్చిది పొయ్యిలో పెడితే కొసల నుంచి నురగ బుసబుసమని వస్తుంది, నేను పొయ్యి పక్కన కూర్చుని అదే చూస్తా ఉండేదాన్ని.

అప్పుడే కొట్టిన కట్టె బరువులో సగం దాకా నీళ్లే ఉంటాయి. మంట తన వేడంతా ఆ నీళ్లను ఆవిరి చేయడానికే ఖర్చు పెడుతుంది, కట్టెలోంచి వచ్చే వాయువులు మండాల్సినవి మండకుండానే బయటికి పోతాయి. మనం పొగ అనేది దాన్నే. బాగా కాలుతున్న మంటకి, రాజేసిన పది నిమిషాల తర్వాత, గొట్టం మీద పొగ దాదాపు కనపడకూడదు, గాలి వేడికి అల్లాడినట్టు మాత్రమే ఉండాలి. మీ పక్కింటి గొట్టం మీద గంటన్నరసేపు తెల్లగా, దట్టంగా లేస్తుందన్నావంటే వాళ్లు వాడేది తడి కట్టె. మన వైపు ఇంకో చిక్కుంది. నెల్లూరుకి వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా, పెరట్లో వేసుకున్న కట్టెలు అప్పుడే నానతాయి, అవి ఆరకముందే చలి మొదలవుతుంది, వేణ్ణీళ్లు కావాల్సివస్తాయి. పైగా ఈ చలిలో తెల్లవారుజామున నేల దగ్గర గాలి చల్లగా బరువుగా ఉంటుంది, పొగ పైకి లేవలేక గోడ ఎత్తులోనే పరుచుకుంటుంది. ఎనిమిదింటికి ఎండ తగిలాక అదే పొగ గబగబా పైకి పోతుంది. ఆ పొద్దున గాలి నేల మీంచి సముద్రం వైపు, అంటే పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. వాళ్ల ఇల్లు మీకు పడమర కాబట్టి తిన్నగా మీ మీదకి వస్తుంది, ఆ పక్కింటావిడ కావాలని మీ వైపు తిప్పడం లేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే నేను ఆ తప్పే చేశాను. ఒంగోల్లో మేం అద్దెకున్న ఇంటి వెనక ఒకావిడ కట్టెల బాయిలర్ పెట్టుకునేది, మీ పెదనాన్నకి ఉబ్బసం. ఒకరోజు ఆయన మంచం మీద కూర్చుని ఊపిరి అందక గిలగిల్లాడుతుంటే నేను గోడ మీంచి వంగి నోటికొచ్చినట్టు తిట్టాను. వీధంతా బయటికొచ్చింది. మర్నాటి నుంచి ఆవిడ ఇంకాస్త ముందే రాజేసింది, రెండేళ్లు మాటల్లేవు. తర్వాత వాళ్లమ్మాయి పురిటికొచ్చినప్పుడు చూడటానికి వెళ్లాను, బాలింతకీ బిడ్డకీ, మోకాళ్లు పట్టేసిన ముసలి అత్తగారికీ, అందరికీ వేణ్ణీళ్లు, కరెంటు బిల్లు కట్టలేక ఆ బాయిలర్. ఆవిడ కళ్లు కూడా పొగకి ఎర్రగా ఉన్నాయి, రోజూ ఆ పొయ్యి నోటి దగ్గర కూర్చుని ఊదేది ఆవిడే. ఆ రెండేళ్లలో మీ పెదనాన్నని మూడుసార్లు ఆసుపత్రిలో పెట్టాం. నేను మొదటిరోజే వెళ్లి కూర్చుని మాట్లాడి ఉంటే ఆ మూడుసార్లు ఉండేవి కావని ఇప్పటికీ నాకు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది.

అందుకని పొగ వస్తున్నప్పుడు వెళ్లకు. సాయంత్రం నాలుగింటప్పుడు, మీ పక్కింటావిడ పని తీరి గడపలో కూర్చున్నప్పుడు ఒక్కదానివే వెళ్లు, పిల్లోణ్ని చంకనేసుకుని వెళ్లు. వీధిలో అందరూ అంటున్నారని అనొద్దు, ఆ మాటతోనే అది పంచాయితీ అవుతుంది. "అక్కా, మా బుడ్డోడికి తెల్లారితే ఆయాసం వస్తా ఉంది, డాక్టరు పొగ తగలకూడదన్నాడు, నీళ్లు కాచుకోవద్దని నేను అనను, ఏం చేస్తే మన ఇద్దరికీ బాగుంటదో చూద్దాం" అను. తర్వాత ఆవిడ చెప్పేది విను. ఎంతమందికి నీళ్లు కావాలి, కట్టెలు ఎక్కడివి, ఎందుకు అంత పెందలాడే, అన్నీ తెలుసుకో. రాజేసే టైమ్ ఏడుంబావుకి మారినా మీకు సగం బాధ తీరుతుంది.

బాయిలర్ చూపించమని అడుగు. కింద పొయ్యి నోరు, మధ్యలో నీళ్లలోంచి పోయే గొట్టం ఉంటాయి. ఆ మధ్య గొట్టంలో మసి పేరుకుంటే దారి ఇరుకై పొగ వెనక్కి కొడుతుంది, పదిహేను రోజులకోసారి బాగా చల్లారాక బ్రష్షుతో గీకాలి. జల్లెడ కింద బూడిద నిండితే గాలి అందదు, రోజూ తీయాలి. లావు మొద్దులు నోరు నిండా కుక్కొద్దు, మణికట్టు లావు పేళ్లుగా చీల్చి రెండు మూడేసి వేస్తే మంట ఎగదన్ని మండుతుంది. వేడి నిలవాలని నోరు మూసేస్తుంటారు, అదే అన్నిటికన్నా చెడ్డది, మంట ఆరకా మండకా కుములుతుంది. రాజేయడానికి ఏం వాడుతున్నారో చూడు. సైకిల్ టైరు ముక్క, పాల కవర్లు, రంగు వేసిన పాత తలుపు చెక్క, ప్లైవుడ్ ముక్కలు ఉంటే అవి మాత్రం ఒక్కరోజు కూడా ఒప్పుకోవద్దు, ఆ పొగ విషం. బదులుగా కంది కట్టె, ఎండిన కొబ్బరి మట్ట సరిపోతాయి. పొగాకు మోళ్లు కూడా వద్దని చెప్పు, ఆ ఘాటు ఏంటో నాకు తెలుసు.

ఇక గొట్టం. ఫోటోలో చూశాను, గొట్టం నోరు సరిగ్గా మీ కిటికీ సన్‌షేడ్ కింద ఉంది. దాన్ని వాళ్ల పిట్టగోడ దాటించాలి, చుట్టూ పదడుగుల లోపల ఉన్న గోడలన్నిటికన్నా కనీసం రెండడుగులు ఎత్తుండాలి. మీ పై అంతస్తు గోడ కూడా లెక్కలోకి వస్తుంది, మర్చిపోవద్దు. జీఐ రేకు, అంటే జింకు పూత ఉన్న ఇనప రేకు, గొట్టం చేయించండి, పీవీసీ కరిగిపోతుంది. మూలమట్టంగా వంపులు పెడితే పొగ అక్కడే ఆగుతుంది, తప్పదంటే ఏటవాలుగా తిప్పాలి. పైన వానకి టోపీ పెట్టి, టోపీకీ గొట్టానికీ మధ్య జానెడు సందు ఉంచాలి. ఆ ఖర్చు మీరే పెట్టుకోండి అమ్మడూ. వాళ్ల వస్తువుకి మనమెందుకు పెట్టాలని మీ ఆయన అంటాడు, ఒక్క రాత్రి ఆసుపత్రి బిల్లు పక్కన పెట్టి చూడమను. కట్టెలు ఇటుకల మీద పేర్చి పైన మాత్రమే రేకు కప్పమను, పక్కలు తెరిచి ఉంచాలి, టార్పాలిన్‌తో చుట్టేస్తే లోపలే మగ్గుతాయి. ఎండిన కట్టె సగమే ఖర్చవుతుందని ఆవిడకి నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది.

కరెంటు అంటే భయపడతారు గానీ లెక్క చెప్పు. ఇరవై లీటర్ల బకెట్ నీళ్లు స్నానానికి సరిపడా వేడెక్కడానికి పదిహేను వందల వాట్ల రాడ్ ఇరవై నిమిషాలు తీసుకుంటుంది, అర యూనిట్టు. ఇద్దరు ముగ్గురికే అయితే కట్టెల కన్నా అదే నయం, స్విచ్ తీయకుండా నీళ్లలో చెయ్యి పెట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పాలి. తెల్ల కార్డు ఉంటే దీపం-2 పథకం కింద ఏడాదికి మూడు గ్యాస్ సిలిండర్లు ఉచితం, అది వాళ్లు వాడుకుంటున్నారో లేదో కనుక్కో.

ఇంత చేసినా వినకపోతేనే ఆఫీసుల దారి. దానికి ఇవాళ్టి నుంచే ఒక నోటు పుస్తకం పెట్టు, తేదీ, ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి ఆగింది, వాసన ఏంటి, ఆ రోజు పిల్లోడికి ఎలా ఉంది, రెండు ముక్కలు రాసి ఫోటో తియ్యి. డాక్టరు దగ్గర చీటీ మీద పొగ వల్ల ఆయాసం పెరుగుతోందని రాయించుకో. ముందు వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకో, తర్వాత కార్పొరేషన్ కమిషనర్‌కి, అప్పటికీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ. ఆర్డీవోకి కూడా పెట్టుకోవచ్చు. నలుగురి ఆరోగ్యానికి హాని చేసేదాన్ని తీయించే అధికారం ఆయనకి భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఉంది, పాత చట్టంలో 133 అనేవాళ్లు. ఒక్క ఇంటి గొడవగా కాకుండా పక్కన ఇబ్బంది పడేవాళ్లు ఇంకొకరిద్దరు సంతకం పెడితే బలం ఉంటుంది. కానీ అర్జీ పెట్టిన రోజు నుంచి ఆవిడ ముఖం మీకు కనపడదు, అది తెలిసే పెట్టు.

భోగి రోజు మీ సందు మొత్తం టైర్లు తగలేస్తారు, ఆ పొద్దున మీరు అక్కడ ఉండొద్దు. రెండురోజుల ముందే పిల్లోణ్ని తీసుకుని ఒంగోలు వచ్చెయ్యండి, మన ఇంటి వెనక ఎవరూ కట్టెలు పెట్టడం లేదు ఇప్పుడు. బాబాయి ఈ ఆదివారం నెల్లూరు వస్తున్నాడు, టేపు తెమ్మన్నాను. ఆవిడ ఒప్పుకుంటే గొట్టం దగ్గర నుంచి మీ పై గోడ కొస దాకా ఎన్ని అడుగులో కొలిపించి నాకు ఫోన్ చెయ్, ఇక్కడ మనకి తెలిసిన వెల్డింగ్ షాపులో చేయించి బస్సుకి వేయిస్తా.

మీ పెద్దమ్మ