మెక్కానెలా, మెకానెలా?

సందేహం: అమెరికా సెనేట్‌లో 2007 నుంచి 2025 జనవరి దాకా రిపబ్లికన్ల లీడర్‌గా ఉన్న కెంటకీ ఆయన, మిచ్ అనే ఆయన ఇంటిపేరు ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తోందండీ. మెక్‌కానెల్, మెక్కానెల్, మెకొన్నెల్. ఏది రైటు?

సమాధానం: నేనైతే మెకానెల్ అని రాస్తానండీ, ఎందుకంటే ఇంగ్లీషులో (McConnell) రెండు సి-లు, రెండు ఎన్-లు ఉన్నా వాళ్ళ నోట్లో పలికేది ఒక్క క, ఒక్క న మాత్రమే. వాళ్ళకి జంట అక్షరం స్పెల్లింగ్ వరకే, మనకి మాత్రం ఒత్తు ఉందంటే పలకాల్సిందే, లేకపోతే గడ్డి కాస్తా గడి అయిపోతుంది కదా. ఇక మెక్కానెల్ అనేది చాలావరకు ఫోన్ కీబోర్డు పుణ్యం, క్ తర్వాత విడదీసే గుర్తు కొట్టకపోతే పక్కనున్న క వచ్చి కింద ఒత్తుగా కూర్చుంటుంది, చూస్తే మొక్కజొన్నకి చుట్టంలా ఉంటుంది.

అయినా ఇది మనకి కొత్తేం కాదు. మెకాలే చదువులు అని తిట్టుకుంటాం, ఊళ్ళ చరిత్రల కైఫీయత్తులు రాయించిన మెకంజీ దొరని తలుచుకుంటాం, వీటిలో కూడా ముందున్నది ఆ మెక్కే, ఎవరూ మెక్‌కంజీ అనలేదు. వెనక క, గ కాని హల్లు వస్తే మాత్రం క్ విడిగా వినపడుతుంది కాబట్టి మెక్‌డొనాల్డ్స్ అని రాయాల్సిందే.

ఈ మెక్ అంటే స్కాట్లాండ్, ఐర్లండ్‌ల గేలిక్ భాషలో కొడుకు. మనకి ఇంటిపేర్లు ఎక్కువగా ఊళ్ళ నుంచి వస్తే వాళ్ళకి ఇలా తండ్రి తాతల పేర్లలోంచి వచ్చాయన్నమాట. స్కాట్లాండ్ వైపు మెకానెల్, మెక్‌డొనాల్డ్ రెండూ దాయాదులే, డోనల్ అనే పేరు మెక్ వెనక చేరేసరికి మొదటి డ మెత్తబడిపోయి దాదాపు వినపడకుండా పోయింది, మెక్‌లోని క వచ్చి దానికి అతుక్కుంది. మనకి కూర, కాయలు కలిస్తే కూరగాయలు, తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు అవ్వట్లా, అలాంటిదే, కాకపోతే మనం క-ని గ చేసి ఆగాం, వాళ్ళు డ-ని మింగేశారు. ఐర్లండ్ వైపు అయితే కోనల్ కొడుకు అని ఇంకో దారి కూడా ఉంది.

అమెరికన్లు మొదటి అక్షరాన్ని దాదాపు మ అనే అంటారు, అలాగని మకానల్ అని రాస్తే ఎవరో మనవాళ్ళు పోల్చుకోలేరు, మెకాలేతో అలవాటైన మె ఉంచేయండి.