‘అక్షరాలు పాడయ్యాయి’ అని రాయకు

తమ్ముడికి,
ఆశీస్సులు.

నిన్న రాత్రి నీ సైటు తెరిచి చూశాను. పన్నెండు కథల సారాంశాలూ దాదాపు శుభ్రంగా కనిపిస్తున్నాయి. చాలా సంతోషం వేసింది. ఈ ఉత్తరం రాస్తున్నది వాటిలో అక్షరాలు సరిగ్గా కనిపించని ఆ తప్పు గురించి కన్నా, దాన్ని నువ్వు నాకు చెప్పిన తీరు గురించి. నువ్వు కథలు రాసేవాడివి కనుక చనువు తీసుకుని చెబుతున్నాను: సాయం అడుగుతూ తోటి ప్రోగ్రామర్‌కు పంపే నాలుగు వాక్యాలు కూడా రచనే. కథ మీద పెట్టే శ్రద్ధ వాటి మీదా పెట్టాలి.

నువ్వు మొదట పంపింది ఇది: “అక్కా, సైటులో అక్షరాలు పాడయ్యాయి. ఫాంటు సమస్య. మంచి తెలుగు ఫాంటు ఏదైనా చెప్పండి, అర్జంటు.” కింద కంప్యూటర్ తెరను ఫోనుతో తీసిన మసక ఫొటో. నేను నీ మాట నమ్మాను. నోటో ఫాంటు పెట్టి చూడమన్నాను, మండలి పెట్టి చూడమన్నాను. రెండు సాయంత్రాలు గడిచాయి. ఏ ఫాంటు పెట్టినా అదే తీరు.

నీ ఉత్తరంలో ‘ఫాంటు సమస్య’ అన్నది నువ్వు చూసింది కాదు, నువ్వు తేల్చుకున్నది. కళ్లతో చూసినదాన్ని వదిలేసి, మనసులో కట్టుకున్న తీర్పును నాకు పంపావు. కొత్తవాళ్ల ప్రశ్నల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే లోపం ఇదే. వైద్యుడి దగ్గరికి వెళ్లి ‘కడుపులో కుడివైపు నొప్పి, నిన్న రాత్రి భోజనం అయ్యాక మొదలైంది’ అని చెప్పాలి కానీ ‘నాకు అల్సర్, మాత్ర రాయండి’ అంటే ఎలా? మాత్ర రాసే వైద్యుడు దొరికితే ఇంకా ప్రమాదం.

‘పాడయ్యాయి’ అన్న మాట తీసుకో. వెబ్‌లో తెలుగు అక్షరాలు ముఖ్యంగా నాలుగు రకాలుగా పాడవుతాయి, నాలుగూ నాలుగు వేర్వేరు జబ్బులు. అక్షరం ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తే, ఆ కంప్యూటర్‌లోనో ఫోనులోనో తెలుగు ఫాంటు లేదని అర్థం. అప్పుడే అది ఫాంటు సమస్య. వరసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే, దాచుకునేటప్పుడో తెచ్చేటప్పుడో డేటాబేసు తెలుగును పట్టుకోలేక వదిలేసిందన్నమాట. దాచేటప్పుడే అలా జరిగితే అసలు అక్షరాలు పోయినట్టే, మళ్లీ టైపు చేసుకోవాలి. నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ‘ఎ’, ఈసారి పక్కన కూడికా తీసివేతా కలిసిన గుర్తు, ఇలా పేజీ నిండా కనిపిస్తే కంగారు పడకు. అక్షరాలు భద్రంగా ఉన్నాయి, బ్రౌజరు వాటిని వేరే సంకేత పద్ధతిలో ఉన్నాయనుకుని చదువుతోంది. పేజీ మొదట్లో యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ దాచే సంకేత పద్ధతి) అని ప్రకటిస్తే చాలాసార్లు అదే సర్దుకుంటుంది. ఇక నాలుగోది, నల్లటి వజ్రం ఆకారంలో తెల్ల ప్రశ్నార్థకం. అక్కడ బైట్ల వరస, అంటే కంప్యూటర్ అక్షరాలను దాచుకునే అంకెల వరస, ఎక్కడో తెగిందని అర్థం.

నీకు వచ్చింది నాలుగోది. ‘ప్రతి సారాంశం చివర నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం వస్తోంది’ అని ఒక్క వాక్యం రాసి ఉంటే, ఫాంటు మాట ఎత్తకుండా నేరుగా సారాంశాన్ని కత్తిరించే కోడు వరుస దగ్గరికి వెళ్లేవాళ్లం.

నిజానికి ఆ వాక్యం కూడా పూర్తిగా సరికాదు. మూడో రోజు నేను అడిగితే అన్నావు: “అన్నిటికీ కాదక్కా, పన్నెండింటిలో నాలుగు కథలకు రావడం లేదు. ఇంగ్లీషులో రాసిన పరిచయ పేజీకి అసలు ఎప్పుడూ రాలేదు.” ఈ సంగతి నీకు మొదటి రోజు నుంచీ తెలుసు. ముఖ్యం కాదనుకుని రాయలేదు. నాకు దారి చూపింది అదొక్కటే. కొన్నిటికి వచ్చి కొన్నిటికి రాకపోతే, ఆ కొన్నిటికీ ఈ కొన్నిటికీ తేడా ఏమిటో వెతకాలి. ఇంగ్లీషుకు రాకుండా తెలుగుకే వస్తుంటే, లెక్క ఎక్కడో బైట్లలో జరుగుతోందని అనుమానించాలి.

ఆ లెక్క మరోసారి చెబుతాను, ఎప్పటికీ పనికొస్తుంది. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు. అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు అన్నీ విడివిడి గుర్తులే. ‘అమ్మ’ అంటే అ, మ, పొల్లు, మ: నాలుగు గుర్తులు, 12 బైట్లు. ఆ మూడు బైట్లలో మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177. పైన చెప్పిన గీత ‘ఎ’, డిగ్రీ గుర్తు, కూడికా తీసివేతల గుర్తు ఆ అంకెల పాత లాటిన్ రూపాలే. నీ కోడులో సారాంశం కోసం కథను పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలోని సబ్‌స్ట్ర్ (substr) అన్న ఆజ్ఞతో 100 దగ్గర కత్తిరించావు. అది అక్షరాలను లెక్కపెట్టదు, బైట్లను లెక్కపెడుతుంది. ఖాళీలు లేని తెలుగైతే 33 గుర్తులకు 99 బైట్లు పోయి, ముప్పై నాలుగో గుర్తులో ఒకే ఒక్క బైటు మిగులుతుంది. దానితో ఏం చేయాలో తెలియక బ్రౌజరు అక్కడ వజ్రం పెడుతుంది. ఖాళీకీ కామాకూ ఒక్కో బైటే కనుక, మధ్యలో అవి ఎన్ని వచ్చాయన్నదాన్ని బట్టి కొన్ని కథల్లో కత్తి సరిగ్గా రెండు గుర్తుల మధ్య పడింది. నీ నాలుగు కథలూ అలా బతికాయి. బైట్లను కాక గుర్తులను లెక్కపెట్టే ఎంబీ సబ్‌స్ట్ర్ (mb_substr) అని మార్చగానే వజ్రాలన్నీ పోయాయి. మార్చింది ఒకే ఒక్క వరుస.

చూసింది చూసినట్టు చెప్పడం నాకూ ఒకరు నేర్పినదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కట్టిన పేజీ నా కంప్యూటర్‌లో చక్కగా కనిపించేది, సర్వర్‌కు ఎక్కించగానే బొమ్మలన్నీ మాయమయ్యేవి. పక్క కుర్చీలోని సీనియర్ దగ్గరికి వెళ్లి ‘సర్వర్ బాగాలేదండీ’ అన్నాను. ఆయన నా తెర వైపు కూడా చూడలేదు. “బొమ్మ చిరునామా ఒక్కటే బ్రౌజరులో కొట్టమ్మా, ఏ అంకె వచ్చిందో చెప్పు” అన్నారు. 404 వచ్చింది. “500 అయితే సర్వర్‌ను అందాం. 404 అంటే నువ్వు అడిగిన పేరుతో అక్కడ ఏదీ లేదని. ఇప్పుడు పేరు అక్షరం అక్షరం పైకి చదువు.” చదివాను. ఫైలు పేరు చివర ఇంగ్లీషు పెద్ద బడి (క్యాపిటల్) అక్షరాల్లో ఉంది, నా కోడులో చిన్న బడి. విండోస్ ఆ తేడా పట్టించుకోదు, లినక్స్ సర్వర్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు. ఆయన సమాధానం చెప్పలేదు, నా చేత చూపించారు. ఇప్పటికీ ఎవరైనా ‘సర్వర్ బాగాలేదు’ అంటే నా నోటికి మొదట వచ్చే ప్రశ్న అదే: ఏ అంకె వచ్చింది?

కాబట్టి ఎవరినైనా అడిగే ముందు బ్రౌజరులో ఎఫ్12 నొక్కి, ‘కన్సోల్’ అన్న చోట ఎర్రగా కనిపించే తప్పు సందేశాలు చదువు. అర్థం కాకపోయినా సరే, పూర్తిగా కాపీ చేసి పంపు. ఫొటో తీయకు. ఫొటోలోని అక్షరాలను నేను వెతకలేను, నా కంప్యూటర్‌లో అతికించి పరీక్షించలేను. ‘ఏదో ఎర్రర్ వచ్చింది’ అని నీ మాటల్లోకి మార్చకు కూడా. నీకు అనవసరం అనిపించిన వరుస సంఖ్యే నాకు కావలసినది కావచ్చు.

కోడు మొత్తం పంపడం సాయం అడగడం కాదు, బరువు దించుకోవడం. నువ్వు నాకు 800 వరుసలు పంపావు. సగం తీసేసి చూడు, తప్పు ఇంకా ఉందా? ఉంటే మిగిలిన దానిలో మళ్లీ సగం తీసేయి. పోతే, తీసేసిన సగంలో ఉంది. పదిసార్లు ఇలా చేస్తే 800 వరుసలూ ఒక్క వరుస దగ్గరికి వచ్చి ఆగుతాయి. అసలు ఫైలు మీద కాదు, నకలు మీద చేయి. చాలాసార్లు ఏడో సగం దగ్గరే నీకు తప్పు దొరికిపోతుంది, ఇక ఎవరినీ అడగక్కర్లేదు. దొరకకపోతే ఆ పది వరుసలు పంపు. పనిలో తలమునకలుగా ఉన్న మనిషి కూడా పది వరుసలు చదువుతారు.

ఒక మాట కాస్త గట్టిగా చెప్పాలి. ఆ 800 వరుసల్లో నీ డేటాబేసు పాస్‌వర్డు కూడా ఉంది. నాకే కదా పంపాను అనుకోకు. అలాంటి సందేశాలు చేతులు మారతాయి. ఆ సందేశం చెరిపేస్తే చాలదు, పాస్‌వర్డే మార్చాలి. మార్చావో లేదో ఇంతవరకు చెప్పలేదు. ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు ఆ పని చేసి రా.

ఇంతకుముందు ఏమేమి ప్రయత్నించావో దాచకు. ‘నలుగురు నవ్వుతారేమో’ అని నువ్వు దాచిన ప్రయత్నాలనే ఎదుటివాళ్లు మళ్లీ మొదటి నుంచి చెప్పుకుంటూ వస్తారు, ఇద్దరి సమయమూ పోతుంది. నేను చెప్పింది అర్థం కాకపోతే ‘సరే అక్కా’ అనకు. మొన్న క్యాషే (బ్రౌజరు దాచుకునే పాత నకళ్లు) ఖాళీ చేశావా అని అడిగితే చేశానన్నావు. దాని అర్థం తెలియక అన్నావని తరవాత తెలిసింది. ‘అంటే ఏమిటి?’ అని అడిగితే నాకు కోపం రాదు. కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కితే బ్రౌజరు పాత నకలు వదిలేసి పేజీని కొత్తగా తెస్తుందని చెప్పేదాన్ని, అంతే.

ఇప్పుడు చాలామంది మనుషుల కన్నా ముందు కృత్రిమ మేధను అడుగుతున్నారు. అడుగు, తప్పు లేదు. కానీ ‘మంచి తెలుగు ఫాంటు చెప్పు’ అని అడిగితే అది కూడా నాలాగే ఫాంట్ల పేర్లు చెబుతుంది. ఎవరిని అడిగినా అడగవలసిన తీరు మారదు.

పని పూర్తయ్యాక నువ్వు ‘అయిపోయింది అక్కా, థాంక్స్’ అని రాశావు. నాకు ఇంకో రెండు వాక్యాలు కావాలి. తప్పు ఎక్కడ ఉంది, ఏ మార్పుతో పోయింది. వచ్చే ఏడాది ఇదే వజ్రం ఇంకొకరి పేజీలో కనిపించినప్పుడు, నీ రెండు వాక్యాలు వాళ్లకు పంపుతాను. సాయం చేసినవాళ్లకు మనం ఇవ్వగలిగిన ప్రతిఫలం అదే. నువ్వు తెలుగులో రాస్తే ఇంకా మేలు. తెలుగు అక్షరాలకు వచ్చే ఇబ్బందుల గురించి తెలుగులో రాసినవి ఇప్పటికీ చాలా తక్కువ.

ఇక నీ సైటులో ఇంకోటి మిగిలి ఉంది. అయిదో కథ సారాంశం చివర ‘స్త్’ అని ఆగిపోయింది, గమనించావా? వజ్రం లేదు, బైట్లు సరిగ్గానే ఉన్నాయి. ‘స్త్రీ’ అన్న మాటలో ఆరు గుర్తులు ఉంటే నీ కత్తెర నాలుగో గుర్తు తరవాత పడింది. చూసేవాళ్ల కంటికి అది ఒకే అక్షరం, ఎంబీ సబ్‌స్ట్ర్‌కు ఆరు. తెలుగు సంయుక్తాక్షరాన్ని మధ్యలో విడదీయకూడదన్న నియమం అన్ని భాషల అక్షరాలకూ ప్రమాణమైన యూనికోడ్‌లోకి 2023లోనే, 15.1 వెర్షన్‌తో వచ్చింది. నీ సర్వర్‌లో అక్షరాలను విడదీసే లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడు) అంతకన్నా పాతదైతే దానికి ఆ సంగతి తెలియదు. ఖాళీ దగ్గర ఆపడం ఒక ఉపాయం, ఇంకా వేరేవీ ఉన్నాయి.

దీన్ని నేను సరిచేయను. ఆదివారంలోగా దీని మీద నాకొక ప్రశ్న రాసి పంపు. ఏ కథ, తెర మీద ఏం కనిపించింది, ఏం కనిపించాలి, ఏమేమి చేసి చూశావు, ఆ ఒక్క వరుస కోడు. ఫొటో వద్దు.

అక్క